‘ఇంగ్’ ఒక్కటే, తెలుగులో నాలుగు

తెనాలి దగ్గర ఒక ఊళ్లోని జిల్లా పరిషత్తు హైస్కూల్లో ఇంగ్లీషు వ్యాకరణం బాగా చెబుతారని విని, అడిగి పదో తరగతి గదిలో వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు పాఠం పార్టిసిపియల్ ఫ్రేజులు.

మాస్టారు నిర్వచనంతో మొదలుపెట్టలేదు. బోర్డు మీద నాలుగు వాక్యాలు రాశారు. ‘ద బాయ్ ఈజ్ రన్నింగ్.’ ‘రన్నింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్.’ ‘ద బాయ్ రన్నింగ్ టువర్డ్స్ ద బస్ ఈజ్ మై బ్రదర్.’ ‘రన్నింగ్ టువర్డ్స్ ద బస్, ద బాయ్ డ్రాప్డ్ హిజ్ బుక్స్.’

“ఇంగ్ కనిపించగానే గీత గీయొద్దు. ముందు తెలుగులో చెప్పండి.”

పిల్లలు గడగడా చెప్పేశారు: పరుగెత్తుతున్నాడు, పరుగెత్తడం, పరుగెత్తుతున్న, పరుగెత్తుతూ. మొదటిది వాక్యానికి అసలు క్రియ. రెండోది నామవాచకం పని చేస్తోంది, అది జెరండ్. ‘బాయ్’ గురించి చెప్పే చివరి రెండే పార్టిసిపియల్ ఫ్రేజులు. ఇంగ్లీషు ఒకే రూపంలో దాచినదాన్ని తెలుగు నాలుగు ప్రత్యయాలతో బయటపెడుతుంది. ఈ సంగతి ఏ గైడులోనూ నాకు కనబడలేదు. నేను చూసిన గైడులు కామా చూసి గుర్తుపట్టమంటాయి, కానీ మూడో వాక్యంలో కామాయే లేదు.

‘ఈడీ’ దగ్గర పాఠం ఇంకా చిక్కబడింది. ‘ద హౌస్ పెయింటెడ్ లాస్ట్ ఇయర్ లుక్స్ న్యూ.’ ఒకబ్బాయి ‘పెయింటెడ్’ క్రియ అన్నాడు.

“రంగు వేసింది ఇల్లేనా?”

“కాదు సార్... పోయినేడు రంగు వేసిన ఇల్లు!”

“మరి క్రియ ఏదిరా?”

“లుక్స్, సార్.”

‘పెయింటెడ్’ ఒక్కదాని కిందే గీత గీస్తే మాస్టారు ఒప్పుకోలేదు. ‘లాస్ట్ ఇయర్’ దాకా లాగించారు. ఆ ముక్క తీసేసినా ‘ద హౌస్ లుక్స్ న్యూ’ నిలబడుతుందని చదివి వినిపించారు.

తరవాత ఒక తప్పు వాక్యం రాశారు: ‘వాకింగ్ టు స్కూల్, ద రెయిన్ స్టార్టెడ్.’ ముందు బల్లలో అమ్మాయి “బడికి వెళ్తూ వాన మొదలైంది” అని, ఆగి, “అలా అనం సార్. వెళ్తుంటే అనాలి” అంది. ‘వెళ్తూ’ లాంటి శత్రర్థకంలో రెండు పనులకూ కర్త ఒకరే ఉండాలని తెలుగు పాఠంలో చదివిన సూత్రం ఇంగ్లీషుకూ సరిపోయింది. ‘వాకింగ్ టు స్కూల్, వి గాట్ వెట్’ అని ఆ అమ్మాయే దిద్దింది.

ఈ పద్ధతి అన్నిచోట్లా నమ్మదగ్గది కాదు. ‘బై రీడింగ్ డైలీ’ని ‘రోజూ చదివి’ అని తెలుగు చేస్తే పార్టిసిపుల్‌లా వినిపిస్తుంది. ముందు ‘బై’ ఉంది కాబట్టి అది జెరండే. మాస్టారు దాన్నీ దాటవేయలేదు.

ఇంగ్లీషు మీడియం పేరుతో తెలుగు వ్యాకరణం పీరియడు తగ్గించాలనుకునే ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఒకటే: క్త్వార్థకం (‘చదివి’), శత్రర్థకం (‘వెళ్తూ’), క్రియాజన్య విశేషణం (‘వేసిన’) పాఠాలను మాత్రం ముట్టుకోకండి. మీ ఇంగ్లీషు మాస్టారికి వాటి అవసరం ఉంది.