వెనక్కి తిప్పి చూస్తే

దౌల్తాబాద్ అంటే బయటివాళ్లకు వెంటనే తుగ్లక్ గుర్తొస్తాడు. ఆ ఊరు మహారాష్ట్రలో ఉంది. అక్కడ కోట ఉంది, దగ్గరలోని కాగజీపురాలో చేతికాగితం తయారీ ఉంది, ఔరంగాబాద్ దుకాణాల్లో హిమ్రూ శాలువాలున్నాయి. చూడబోయినవాళ్లు గుర్తుగా ఏదో ఒకటి సంచిలో వేసుకుని రావచ్చు. మాది కొడంగల్ పక్క దౌల్తాబాద్. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వికారాబాద్ జిల్లా. మా ఊరు చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని రారు, గుర్తుకు కొనుక్కునే దుకాణమూ లేదు. "మీ వైపు ఏం ఫేమస్?" అని ఎవరైనా అడిగితే తాండూరును కూడా కలుపుకుని రెండు ముక్కల్లో చెప్పేస్తాం: కందిపప్పు, నాపరాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక నాపరాయి అంటారా, నీలం బండ, పసుపు బండ ఓడలెక్కి దూరదేశాలకు పోతూనే ఉన్నాయి గాని, సూట్‌కేసులో పెట్టుకుపోయే సరుకు కాదు.

ఒకప్పుడు మా ప్రాంతానికి దూరదేశమంటే బొంబాయి, పూనా. మట్టిపనికి పోయినవాళ్లు పండుగకు తిరిగొస్తూ పిల్లలకు రంగు బనియన్లు తెచ్చేవాళ్లు. ఇప్పుడు కొన్ని ఇళ్ల పిల్లలు డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. కోడలి కాన్పుకు పోయిన అత్తలు, మనవడిని చూడబోయిన తాతలు తిరిగొచ్చేటప్పుడు చాక్లెట్లతో పాటు ఏదో ఒక గుర్తు పట్టుకొస్తున్నారు. తాండూరులో ఇలాంటివాళ్ల ఇంటికి పోతే టీవీ పక్కన అద్దాల షోకేసులో ఈఫిల్ టవరు, లిబర్టీ విగ్రహం నిలబడి ఉంటాయి. ఫ్రిజ్ తలుపుకు ఎర్ర లండన్ బస్సు అంటుకుని ఉంటుంది. హజ్‌కు పోయొచ్చిన ఇళ్లలో నమాజుకు పరిచే జానమాజ్, జపం లెక్కపెట్టే తస్బీ భద్రంగా ఉంటాయి. ఎవరింటికి పోయినా వస్తువును వెనక్కి తిప్పి చూసే పాడు అలవాటు నాకుంది. చాలాసార్లు కనబడేది ఒకటే మాట, మేడిన్ చైనా.

అందులో తప్పేం లేదు. అమెరికా పోయొచ్చినట్టు పక్కింటివాళ్లకు తెలియాలి, తెలిసింది. అంతటితో ఆ బొమ్మ పని అయిపోయింది. జానమాజ్ సంగతి వేరే. అది ఎక్కడ నేసినా నమాజుకు తక్కువేం కాదు. పేచీ వచ్చేది చేతిపని అని చెప్పి, చేతిపని ధర తీసుకుని, ఫ్యాక్టరీ సరుకు చేతిలో పెట్టినప్పుడే.

ఆస్ట్రేలియాలో ఈ పేచీ కోర్టు దాకా పోయింది. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగ్‌లను, ఇంకా అలాంటి సరుకును అక్కడి ఆదివాసులు చేత్తో రంగులద్దినవని నమ్మించి అమ్మిన కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే ఆ కంపెనీ దివాలా దారిలో ఉంది. మిగిలిన వ్యాపారులకైనా భయం పుట్టాలని వేసిన జరిమానా అది. అమెరికాలో, అక్కడి ఆదివాసులు చేయని వస్తువును వాళ్ల పేరు చెప్పి అమ్మితే నేరమని 1990లోనే చట్టం తెచ్చారు. వెనిస్ గాజు కొలుములను 1291లో మురానో దీవికి తరలించారు. ఆ పేరుకున్న గిరాకీ వల్ల ఇప్పుడు అసలు మురానో గాజుకు వేరే ముద్ర వేయాల్సి వస్తోంది. చేతిపని ఎక్కడుంటే దాని నకలూ అక్కడే పుడుతుంది. మన పోచంపల్లి డిజైన్లు మిల్లు బట్ట మీద అచ్చుపడటం ఎవరికి తెలియదు!

మరి కొనేవాడు ఎలా పోల్చుకోవాలి? ఇస్తాంబుల్‌లో తివాచీల కొట్టువాడు టీ ఇచ్చి, కూర్చోబెట్టి, మన ముందు తివాచీ మీద తివాచీ పరుస్తాడు. పైన పువ్వులు చూసి మురిసిపోకుండా వెనక్కి తిప్పాలి. చేత్తో ముడివేసిన దాంట్లో ముడులు వెనక ఒక్కొక్కటీ కనబడతాయి, వరసలు కాస్త వంకర పోతాయి. కొసన వేలాడే కుచ్చులు పడుగు దారాలే అయి ఉండాలి. విడిగా తెచ్చి కుట్టిన కుచ్చులైతే టీ తాగేసి లేచి రావచ్చు. రష్యా మాత్రోష్కా బొమ్మల్లో అన్నిటికన్నా లోపలి బుల్లిబొమ్మనే ముందు చెక్కుతారు, దాని కొలతను బట్టి మిగిలినవి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర చక్రం మీద తిరుగుతుంటే లక్క రంగు ఎలా పట్టుకుంటుందో చూసినవాడికి ఏ కర్రబొమ్మను చేతిలో తీసుకున్నా సగం విషయం తెలిసిపోతుంది.

నా మటుకు నాకు, ఈ విద్య విమానం ఎక్కాక వచ్చేది కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు నారాయణపేట చీర కొనేటప్పుడు చూడండి. కొట్టువాడు కొంగు పరిచి జరీ మెరిపిస్తుంటాడు. వీళ్లు మాత్రం అటు చూడకుండా చీరను తిరగేసి అంచు మీద వేలు నడుపుతారు. మగ్గం మీద బట్టను వెడల్పుగా లాగి పట్టే కర్రకు చివర సూదుల్లాంటి ముళ్లుంటాయి. ఆ ముళ్లు గుచ్చుకున్న సన్నని కన్నాలు అంచు పొడవునా వరసగా తగులుతాయి. చేనేత ముద్ర 2006లో వచ్చింది, ఈ వేలి పరీక్ష అంతకు ముందునుంచీ ఉంది. ఇస్తాంబుల్‌లో మోసపోనిది ఇలాంటి వేలే. మన జొన్న సంచికి, మన చీరకు బేరమాడేటప్పుడు ఇంత తెలివిగా ఉండే మనుషులు డ్యూటీ ఫ్రీ దుకాణంలో అడుగుపెట్టగానే ఎందుకు నోరు కట్టేసుకుంటారో నాకు అర్థం కాదు.

ఇంత చెప్పి మా దగ్గర గుర్తుగా తీసుకెళ్లేది ఏమీ లేదన్నాను గాని, ఉంది. దుకాణంలో లేదు, తండాల్లో ఉంది. దౌల్తాబాద్, కొడంగల్ చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా. పెద్ద వయసు ఆడవాళ్లు ఇప్పటికీ పేటియా అనే పావడా, కాంచళి అనే రవిక కట్టుకుని సంతకు వస్తారు. ఎర్ర గుడ్డ మీద అద్దాలు, గవ్వలు, పాత పైసల బిళ్లలు. ఆ అద్దం కుట్టడం దగ్గర కూర్చుని చూడాల్సిన పని. అద్దానికి కన్నం ఉండదు, మరి గుడ్డకు ఎలా నిలబడుతుంది? గుడ్డ మీద పెట్టి ఎడమచేతి బొటనవేలితో అదిమి, ముందు దాని మీంచి రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా కిటికీ చువ్వల్లా వేస్తారు. తర్వాత సూది ఆ చువ్వల కిందినుంచి దూరి, అద్దం అంచు పక్కన గుడ్డలోకి దిగి, పైకి వచ్చి మళ్లీ చువ్వను పట్టుకుంటుంది. కుట్టు చుట్టూ తిరిగేకొద్దీ అద్దం మధ్యలో ఉన్న దారాలు అంచుకు లాగబడతాయి. చివరికి అద్దం మీద దారమే ఉండదు, చుట్టూ బిగువుగా కట్టు మిగులుతుంది. తిప్పి చూస్తే వెనక కుట్లు గుండ్రంగా తిరిగి ఉంటాయి, మధ్యలో ఖాళీ. సంతల్లో అమ్మే కొత్తరకం బట్ట మీద ప్లాస్టిక్ అద్దాన్ని జిగురుతో అంటించి, మిషన్ కుట్టు వేసిన చక్రం పైన తగిలిస్తున్నారు. అది నాలుగు ఉతుకులు ఆగితే గొప్ప.

ఒక కాంచళికి ఎన్ని రోజులు పడుతుందని ఒకామెను అడిగాను. ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది. "దినాలు ఎవరు లెక్కపెట్టిన్రు సారూ? కంది కోసినంక పట్టుకుంటే ఒక తీరు. పూనా పోతే పెట్టెలనే ఉంటది" అంది. ఈ ప్రాంతంలో కుట్టుపనికి గడువు పెట్టేది వానా, వలసా.

మా తండాల వైపు మేం తిరిగి చూడకపోయినా, లంబాడా కుట్టు ఎప్పుడో దేశాలు దాటింది. గోవాలో అంజునా బుధవారం సంత 1970ల్లో హిప్పీలు మొదలుపెట్టింది. కర్ణాటక నుంచి వచ్చిన లంబాడా ఆడవాళ్లు పాత పేటియాలను కత్తిరించి కుట్టిన సంచులు, గోడకు వేలాడదీసే గుడ్డలు అక్కడ అమ్ముతారు. యూరప్ వాళ్లు బేరమాడి కొనుక్కుపోతారు. ఏ తల్లి కూతురి పెళ్లికని కుట్టిన పావడా ఏ దేశంలో దిండు గలీబు అయిందో ఆ తల్లికి తెలియదు, కొన్నవాళ్లకూ తెలియదు. కర్ణాటకలోని సండూరులో మాత్రం కొంత ఏర్పాటు జరిగింది. అక్కడి లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపీలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులను ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు ఇచ్చారు. రికార్డుల మీద నాకు పెద్ద మోజు లేదు. కాని అక్కడ కుట్టే చేతికి, కొనే చేతికి మధ్య ఒక దారి పడింది. మా వైపు అలాంటిది నా కంటపడలేదు.

బేరం గురించి ఒక మాట. లాడ్ బజార్‌లో గాజుల ధర సగానికి అడిగితే ఎవరూ తప్పు పట్టుకోరు, అమ్మేవాడు దానికి సిద్ధపడే ధర చెప్పి ఉంటాడు. ఇస్తాంబుల్ తివాచీకీ అదే మర్యాద. తండాలో ఆ లెక్క పనికిరాదు. ఆమె చెప్పే ధరలో గుడ్డ, దారం, అద్దాల ఖర్చు ఉంటుంది గాని, కూర్చున్న రోజుల కూలి చాలావరకు ఉండదు. అక్కడ సగానికి అడిగినవాడు ఆ మిగిలిన కాస్త కూలీ జేబులో వేసుకుని వస్తున్నట్టే.

పిల్లల దగ్గరికి పోయేవాళ్లు నన్ను అడిగితే, పచ్చళ్ల డబ్బాల మధ్య ఒక కుట్టుపని ముక్కకు చోటు చూడమంటాను. నిర్మల్ బొమ్మో కొండపల్లి బొమ్మో తీసుకుని ఆస్ట్రేలియా పోయేవాళ్లు విమానంలో ఇచ్చే కార్డు మీద కట్టె వస్తువు ఉందని రాసి తీరాలి. దాచిపెట్టి దొరికితే జరిమానా కట్టాలి. గవ్వలు లేని అద్దాల గుడ్డకు అంత తంటా లేదు, చీర మడతలో పెడితే చాలు. దానికి చిన్న చీటీ గుచ్చి, కుట్టినామె పేరు, తండా పేరు రాయండి. అయితే ఆమెను అడిగే రాయాలి. కొందరు పేరు వద్దంటారు. కొందరు ఫోన్ నంబరు కూడా రాయమంటారు, ఇంకో ఆర్డరు రాకపోతుందా అని.