లేని కార్డు, పాత అడ్రసు

నేను బీకాం చదివినవాణ్ణి. బ్యాంకులో చేరిన కొత్తలో లెడ్జర్ పోస్టింగ్ మెషిన్ ముందు కూర్చోబెడితే చేతులు వణికాయి. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చిన తర్వాత బ్యాంకుల్లోకి మెల్లగా అడుగుపెట్టిన యంత్రాలవి. ఆనాటి నుంచి కంప్యూటర్‌కూ నాకూ అత్తాకోడళ్ల వరసే. అలాంటి నేను సర్వర్ గురించి రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతున్నారు. అయినా చెప్పవలసిన మాట ఒకటుంది.

నేను పుట్టి పెరిగింది కామాటిపురాలో. ఆ పేరు వినగానే మొహం తిప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అది మనవాళ్ల పేరు. బొంబాయి కట్టడాల పనికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు స్థిరపడిన చోటు గనుక కామాటిపురా అయింది. నేను డోంబివలీకి మారిపోయినా ఆదివారాలు అక్కడి మా గల్లీ పొదుపు సంఘం లెక్కలు చూడడానికి వెళుతుంటాను. మా ఖోలీలో మా అన్న కుటుంబం ఉంటోంది.

సంఘం సర్వర్ పాతది. విండోస్ సర్వర్ 2008 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. మా లెక్కల ప్రోగ్రాం మాత్రం దానిమీద తప్ప నడవదు. అందుకని బయటి ఇంటర్నెట్ తగలనివ్వకుండా, కౌంటర్లకు మాత్రమే కలిపి వాడుకుంటున్నాం. పోయిన వర్షాకాలంలో అది మాటిమాటికీ ఆగిపోసాగింది.

"కాకా, ఈ డబ్బా ఇగ ఎక్కువ రోజులు ఉండది. వర్చువల్ చేద్దాం" అన్నాడు మా అన్న కొడుకు.

అంటే ఏమిటన్నాను. మన చాల్ లాంటిదేనన్నాడు. ఒకే కప్పు కింద పది ఖోలీలు, ఎవరి సంసారం వాళ్లది. అలాగే ఒక కొత్త యంత్రంలో ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే, అందులో ఎన్నో యంత్రాలు కాపురం పెట్టవచ్చు. పాత సర్వర్ డిస్కును ఉన్నదున్నట్టు అందులోకి తెచ్చుకుంటే చాలు.

శనివారం రాత్రి ఆ పని అయింది. ఆదివారం పొద్దున సర్వర్ వెలిగింది. కానీ కౌంటర్లకు దాని జాడ దొరకలేదు. పాత డబ్బానే మళ్లీ పెడదామంటే అది ఈసారి ఉలకలేదు, పలకలేదు.

సరిగ్గా అప్పుడే మూడో గల్లీ పెద్దమ్మ వచ్చింది. బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు ఆమెది. మనవరాలి నర్సింగ్ కాలేజీ ఫీజుకు 40,000 రూపాయలు కావాలి. సోమవారమే ఆఖరు. పాస్‌బుక్కులో మూడు నెలలుగా ఎంట్రీలు లేవు. నిల్వ చూడకుండా డబ్బివ్వడానికి నా చెయ్యి రాదు. "కూసుంట బిడ్డా, పని కానీ" అని బెంచీ మీద కూర్చుంది.

మావాడు డివైస్ మేనేజర్ తెరిచాడు. ఈథర్‌నెట్ కంట్రోలర్ పక్కన పసుపుపచ్చ గుర్తు ఉంది. కొత్త ఇంట్లో ఉన్నది వర్ట్‌ఐఓ అనే ఊహా కార్డు. దాన్ని నడిపే డ్రైవర్ పాత విండోస్‌లో పుట్టుకతో ఉండదట.

"నెట్‌లోంచి దింపుకోరాదూ?" అన్నాను.

"నెట్‌వర్కే లేదు కద కాకా!"

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. చివరకు తన లాప్‌టాప్‌లో దింపి, సీడీలాగా సర్వర్‌కు తగిలించాడు. అది సరికొత్త రకం కావడంతో మా పాత విండోస్ ఒప్పుకోలేదు. 0.1.173 అనే పాత రకం వెతికి తెచ్చి, నెట్‌కేవీఎం అనే ఫోల్డర్ చూపించగానే పసుపు గుర్తు పోయింది.

"పాత ఐపీ అడ్రసే ఇయ్యి కాకా, కౌంటర్లకు అదే తెలుసు" అని చెప్పి చాయ్ తేవడానికి వెళ్లాడు. నేను అడ్రసు కొట్టాను. వెంటనే ఒక హెచ్చరిక వచ్చింది. ఈ అడ్రసు ఇప్పుడు యంత్రంలో లేని వేరొక కార్డుకు ఇచ్చి ఉందట, ఆ కార్డు వివరాలు తీసెయ్యమంటావా అని అడుగుతోంది. చెరపడమంటే బ్యాంకు మనిషికి భయం. ఏమీ చెయ్యకుండా మూసేశాను. కౌంటర్లు అలాగే ఉండిపోయాయి.

మావాడు తిరిగొచ్చి, దాగిన పరికరాలను చూపించే ఆదేశం ఇచ్చాడు. పాత డబ్బా తాలూకు కార్డు బూడిద రంగులో మసకగా కనిపించింది.

"ఇది లేదు కాకా. పేరే ఉన్నది. పేరు తీసేస్తేగాని ఉన్నోనికి అడ్రసు రాదు."

దాన్ని తీసేసి, అడ్రసు మళ్లీ ఇచ్చాడు. రెండు నిమిషాల్లో కౌంటర్లు పలికాయి. పెద్దమ్మ ఖాతాలో డబ్బు భద్రంగా ఉంది. లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

వాడు యథాలాపంగానే అన్నాడు గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా ఖోలీ భాడా పావతి ఇంకా మా బాపు పేరు మీదే వస్తోంది. బాపు 1998లో పోయాడు. పేరు మార్పించాలంటే నా అభ్యంతరం లేదని సంతకం కావాలి. అన్న ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం" అంటూ వచ్చాను. బాపు పేరు తీసెయ్యడానికి మనసు రాలేదనుకునేవాణ్ణి. నిజానికి నా వాటా పోతుందేమోనన్న పిసరంత స్వార్థం కూడా ఉంది. కౌంటర్లో మాత్రం అందరికీ నామినీ పేరు రాయించమని బోధిస్తాను!

కామాటిపురా పునర్నిర్మాణం మాట వచ్చినప్పటి నుంచి మా వదినకు నిద్రలేదు. రేపు కాగితాలడిగితే లేని మనిషి పేరు చూపిస్తే, ఉన్న మనుషుల గతి ఏమిటి?

ఆ సాయంత్రం అన్న దగ్గర కూర్చుని సంతకం చేశాను. అన్న ఏమీ అనలేదు. వదిన మాత్రం రాత్రి భోజనం చేసి వెళ్లమంది.

మీ ఇళ్లలోనూ పాత పావతులు, పాస్‌బుక్కులు ఉంటాయి. ఈ ఆదివారం ఒకసారి తీసి, ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. పోయినవాళ్లను గుండెలో ఉంచుకుందాం. కాగితం మీద మాత్రం ఉన్నవాళ్ల పేరు ఉండాలి.