శ్రీకూర్మం తాబేళ్లు: దానమూ పోషణా

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, గార మండలంలో, సముద్రతీరానికి చేరువగా ఉన్న శ్రీకూర్మం, విష్ణువును కూర్మరూపంలో అర్చించే అరుదైన క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. శ్వేత పుష్కరిణి గట్టు మీదుగా ఆలయంలోకి ప్రవేశించే యాత్రికులు, మూలమూర్తి పశ్చిమాభిముఖంగా ఉండటాన్నీ, తూర్పు పడమరల రెండు ధ్వజస్తంభాలు నిలిచి ఉండటాన్నీ ఈ క్షేత్రపు విశేషాలుగా గుర్తిస్తారు. వీటితో పాటు ప్రత్యేకంగా చూడదగినది, ఆలయ ప్రాంగణంలో పోషణ పొందుతున్న సజీవ కూర్మాల ఆవరణ. స్వామికి ప్రతిరూపాలుగా భావించి భక్తులు తెచ్చి సమర్పించిన ఈ తాబేళ్లను చూసినప్పుడు, మనిషి చేతికి వచ్చిన తాబేలుకు ఎటువంటి పోషణ అవసరమనే ప్రశ్న సహజంగానే ముందుకు వస్తుంది.

ఆ ప్రశ్నకు సమాధానంలో ఒక భాగం ఆలయ స్తంభాల మీదనే లభిస్తుంది. తూర్పు గాంగుల పాలనాకాలానికీ తరువాతి కాలాలకూ చెందిన శాసనాలు అనేకం ఈ స్తంభాల మీద ఉన్నాయి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులకు సంబంధించిన 1281 నాటి శాసనం వాటిలో సుప్రసిద్ధం. శాసనాలలో తరచుగా కనిపించేది అఖండదీప దానం, అనగా పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే దీపానికి చేసే ఏర్పాటు. అటువంటి దానంలో దాత పేరు, తిథి మాత్రమే కాక, దీపానికి నిత్యమూ నెయ్యి అందేందుకు విడిచిన పశువులనో ధనాన్నో కూడా నమోదు చేయడం ఆనాటి సంప్రదాయం. దీపాన్ని ఇవ్వడంతో పాటు దాని పోషణను కూడా ఇచ్చినప్పుడే దానం పూర్తవుతుందనే ఈ అవగాహన, దశాబ్దాల పాటు జీవించగల తాబేలు విషయంలో మరింతగా వర్తిస్తుంది.

ఆవరణలోని తాబేళ్లు నక్షత్ర తాబేళ్లు. ఇవి నీటిలో నివసించే జాతి కాదు. గడ్డిమైదానాలలో, ముళ్లపొదల నడుమ, పొలాల అంచులలో తిరిగే మెట్ట తాబేళ్లు. నల్లని పై డిప్ప మీద ఒక్కొక్క పలక నడుమ ఉండే పసుపు మచ్చ నుంచి పసుపు చారలు అన్ని దిక్కులకూ విచ్చుకుని నక్షత్రాకారాన్ని ఏర్పరచడం వల్ల వీటికి ఆ పేరు వచ్చింది. ఈ చారలు ఎండుగడ్డిలో నీడల మధ్య కలిసిపోయి, తాబేలును శత్రువుల కంటికి కనబడకుండా కాపాడతాయి. ఉదయమూ సాయంత్రమూ చురుకుగా మేస్తూ, ఎండ ముదిరినప్పుడు పొదల కింద తలదాచుకోవడం వీటి స్వభావం గనుక, ఉదయం పూట వచ్చే సందర్శకులకే వీటి నడకా మేతా బాగా కనిపించే అవకాశం ఉంటుంది.

తాబేలు డిప్పను నిర్జీవమైన పెంకుగా భావించడం చాలామందిలో ఉన్న పొరపాటు. డిప్ప లోపలి భాగం వెన్నెముకతోనూ పక్కటెముకలతోనూ కలిసిపోయిన ఎముక. దాని పైపొర మాత్రమే మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడిన పలకలు. డిప్పకు రక్తప్రసరణ, స్పర్శజ్ఞానం రెండూ ఉన్నాయి. కనుక దానికి రంగులు పూయడం, పేర్లు చెక్కడం, రంధ్రం చేసి తాడు కట్టడం ఆ జీవిని బాధించే పనులే అవుతాయి. ఊపిరితిత్తులు పై డిప్పకు ఆనుకుని ఉంటాయి కాబట్టి, తాబేలును వెల్లకిలా తిప్పి ఉంచితే లోపలి అవయవాల బరువు వాటి మీద పడి శ్వాస కష్టమవుతుంది.

పోషణలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆహారం. నక్షత్ర తాబేలు ప్రధానంగా గడ్డినీ, ఆకులనూ, పువ్వులనూ, రాలిన పండ్లనూ, నాగజెముడు వంటి రసభరితమైన మొక్కలనూ తింటుంది. పీచు అధికంగానూ మాంసకృత్తులు తక్కువగానూ ఉండే ఈ మేతకు దాని జీర్ణవ్యవస్థ అలవాటు పడింది గనుక, గరిక, పచ్చగడ్డి, మందార ఆకులు, మందార పువ్వులు రోజువారీ మేతగా యోగ్యమైనవి. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి వాటినే నిత్యమూ పెట్టడం మంచిది కాదు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, తీపి ప్రసాదాలు దానికి ఏ విధంగానూ తగినవి కావు. కాల్షియం చాలనప్పుడు, లేక దానిని ఎముకకు చేర్చే డి విటమిన్ కొరవడినప్పుడు, డిప్ప మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ఆ విటమిన్ ఒంట్లో తయారయ్యేందుకు నేరుగా పడే సూర్యకాంతి కావాలి. గాజు కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ పని చేయదు, ఎందుకంటే అందుకు అవసరమైన అతినీలలోహిత కిరణాలను గాజు అడ్డుకుంటుంది.

ఆవరణ నిర్మాణంలో ఎండతో పాటు నీడనూ సమకూర్చవలసి ఉంటుంది, ఎందుకంటే తాబేలు తన శరీరానికి కావలసిన వేడిని తానే ఉత్పత్తి చేసుకోలేక, ఎండకూ నీడకూ మధ్య కదులుతూ ఉష్ణోగ్రతను సరిచేసుకుంటుంది. నున్నని బండపరుపు కన్నా మట్టినేల దానికి అనుకూలం. తాగే నీటిని, లోపలికి సులువుగా దిగి పైకి ఎక్కగలిగేటంత లోతులేని పళ్లెంలో ఉంచి, ప్రతిదినమూ మార్చాలి. ఈ జాతికి ఈత రాదు గనుక, భక్తితో కోనేటిలో విడిచిపెట్టిన మెట్ట తాబేలు మునిగి చనిపోతుంది.

కొత్తగా వచ్చిన తాబేలును కొన్ని వారాల పాటైనా విడిగా ఉంచి, పశువైద్యుని చేత పరీక్ష చేయించిన తరువాతనే మిగిలిన వాటితో కలపడం సమూహ పోషణలో ప్రాథమిక నియమం. ముక్కు కారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మేత మానడం వ్యాధి లక్షణాలు. ఇరుకైన చోట ఒకదాని నుంచి మరొకదానికి జబ్బు వేగంగా సోకుతుంది. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా మోయగలదు కాబట్టి, తాకిన వారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ జాగ్రత్తలన్నీ ఫలించాలంటే ప్రతి తాబేలుకూ ఒక నమోదు ఉండాలి. అది ఎక్కడి నుంచి, ఏ తేదీన వచ్చింది, బరువు ఎంత, ఏ చికిత్స పొందింది అనే వివరాలు లేని చోట, తగ్గుతున్న బరువును ఎవరూ గమనించలేరు.

అయితే సమర్పణ పేరుతో అడవి నుంచి తాబేలును పట్టి తేవడం నేడు నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో, నక్షత్ర తాబేలు అత్యున్నత రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులో చేరింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా 2019లో దానిని మొదటి అనుబంధంలో చేర్చింది. ఇంట్లో పెంచుకోవడానికి దీనిని కొనడం, అమ్మడం రెండూ నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు చెందిన ఒకే ఒక వ్యాపార కేంద్రం నుంచి ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అక్రమంగా సేకరిస్తున్నారని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది.

పట్టుబడిన తాబేళ్లను కనిపించిన అడవిలో వదలడం పరిష్కారం కాదు. వాయవ్య భారతంలోని తాబేళ్లకూ దక్షిణాది తాబేళ్లకూ జన్యుపరమైన తేడాలు ఉన్నాయి; పైగా నిర్బంధంలో సోకిన వ్యాధులు అడవిలోని వాటికి అంటుకునే ప్రమాదం ఉంది. సింగపూర్‌లో పట్టుబడి హైదరాబాద్‌కు తిరిగి వచ్చిన నక్షత్ర తాబేళ్ల స్వస్థలాన్ని గుర్తించేందుకు సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు జరిపి, ఫలితాలను 2006లో ప్రచురించారు. స్వస్థలం తేలని తాబేళ్లకు ఆవరణలే జీవితాంతపు నివాసాలవుతాయి గనుక, వాటి నిర్వహణ అడవిని కాపాడటంతో సమానమైన బాధ్యత.

తాబేలును దత్తత తీసుకోవాలనుకునే వారికి చట్టబద్ధమైన మార్గాలు లేకపోలేదు. హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల, విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల జంతువుల దత్తత పథకాలను నిర్వహిస్తున్నాయి. వీటిలో జంతువు అక్కడే ఉంటుంది, దాత దాని మేతకయ్యే ఖర్చును భరిస్తాడు. ఇంట్లో ఇప్పటికే నక్షత్ర తాబేలు ఉన్నవారు దానిని రహస్యంగా గుడి వద్దనో చెరువులోనో వదలక, అటవీశాఖ అధికారులకు అప్పగించాలి. శ్రీకూర్మానికి వెళ్లే భక్తులు ఇకపై తాబేలును తేవద్దు. అక్కడున్న తాబేళ్ల గడ్డికీ, నీటికీ, వైద్యానికీ నిర్వాహకుల ద్వారా తోడ్పడితే, దీపంతో పాటు నేతికి కూడా ఏర్పాటు చేసిన పూర్వీకుల దానధర్మం ఈ కాలంలోనూ కొనసాగుతుంది.