వాయిదా వేయరాని చికిత్స

కోవిడు మహమ్మారి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో, అత్యవసరము కాని చికిత్సలను వాయిదా వేసికొనుడని ఎల్లెడల ప్రకటనలు వెలువడుచుండగా, ఉద్దాన ప్రాంతమున పనిచేయు మావంటి వైద్యులకు ఎదురైన ప్రశ్న వేఱొకటి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో, మధుమేహము లేనివారికి సైతము మూత్రపిండములు మెల్లమెల్లగా క్షీణించు వ్యాధి దశాబ్దములుగా పాతుకొనియున్నది. దాని మూలహేతువు నేటికిని నిర్ధారితము కాలేదు. నొప్పియు బాధయు లేక లోలోపల సాగి, తీరా బయటపడునప్పటికి పెక్కుమందికి మిగులునది డయాలిసిస్ ఒక్కటే. వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగేసి గంటలు, యంత్రము రక్తమును శుద్ధిచేయవలెను. ఆ గడువు తప్పెనా, దేహమున నీరు నిలుచును. పొటాషియము పెరిగి గుండె లయ తప్పును.

యంత్రమున్నంత మాత్రమున చికిత్స సాగదు. ఒక్క రోగికి ఒక్క పర్యాయమునకు నూఱు లీటర్లకు మించి శుద్ధజలము కావలెను. సూది గ్రుచ్చు టెక్నీషియనునకు జ్వరము వచ్చినచో ఆ పూటకు పడకలు ఖాళీయే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై బస్సులును ఆటోలును నిలిచిపోగా, డయాలిసిస్ కేంద్రముల తలుపులు తెఱచియున్నను, తీరగ్రామములనుండి రోగి వచ్చుట యెట్లు? కొడుకు మోటారు సైకిలుపై వెనుక కూర్చుండి, కాపలా పోలీసులకు చేతిపై డయాలిసిస్ సూది గ్రుచ్చు ఫిస్టులాకు కట్టిన కట్టును చూపి, అనుమతి వేడికొనుచు వచ్చినవారిని నేనెఱుగుదును.

2021 మే మాసమున, మధ్యాహ్నము పన్నెండు గంటలనుండి కర్ఫ్యూ అమలగుచున్న దినములలో, జీడిపిక్కలు ఒలిచి జీవించు ఒక నడివయస్కుని వజ్రపుకొత్తూరు వైపునుండి తీసికొనివచ్చిరి. పడుకొనలేక, నిటారుగ కూర్చుండి, రెండు చేతులను మోకాళ్లపై ఆనించి ఎగశ్వాస పీల్చుచుండెను. ఊరివారందఱును కరోనాయనియే తలచిరి. కాని పాదముపై వ్రేలితో నొక్కగా పడిన గుంట పూడలేదు, మెడనరములు ఉబ్బియుండెను. రెండు డయాలిసిస్‌లు తప్పినవి. కారణమడుగగా భార్య తలవంచుకొని, "జొరమొచ్చిందని సెప్తే మిసను మీద ఎక్కించరని ఇంటికాడే ఉంచీసినాం బాబూ" అనెను.

ఇది కోవిడా, ఊపిరితిత్తులలో నిలిచిన నీరా? ముక్కునుండి తీసిన నమూనా ఫలితము వచ్చుదాక వేచియుండుట క్షేమమని కొందఱి అభిప్రాయము. ఆయాసము వైరసు వలనను కలుగును, నీటి వలనను కలుగును. నీటిని తీయుటకు మాత్రము ఫలితము అక్కఱలేదు. మిగిలిన రోగులందఱు వెడలిన పిమ్మట, మూలనున్న యంత్రమును ప్రత్యేకించి, చికిత్స ఆరంభించితిమి. ఆ మే నెల ఉక్కలో, ఆపాదమస్తకము ప్లాస్టిక్కు తొడుగు ధరించి, టెక్నీషియను నాలుగు గంటలు కదలక నిలిచిన తీరు నాకు నేటికిని గౌరవము గొలుపును. మూడవ గంట గడచునప్పటికి రోగి కన్నులు తెఱచి, "తలగడ దించండి బాబూ, తొంగుంటాను" అనెను. వెల్లకిల పడుకొనగలనన్న ఆ కోరికకు మించిన శుభలక్షణము ఏ పరీక్షాపత్రమును చూపలేదు. తరువాత ఫలితము వచ్చినది, కోవిడును కలదు! అయినను ఆ రాత్రి అతని ప్రాణము తీయవచ్చినది నీరే.

భార్య మాట నన్ను విడువలేదు. రోగులు జ్వరమును దాచుచున్నది వంచనతో కాదు, తమ వంతు పోవునన్న భయముతో. అందుచే ప్రతివానికిని ఫోనులో ఒక్కటే చెప్పించితిమి: జ్వరమున్నచో చెప్పుడు, మీ వేళ మాఱును, మీ వంతు పోదు. ఆశా కార్యకర్తలు ఈ మాటనే ఇంటింటికిని మోసిరి. వారిచేతనే మఱియొకటియు చెప్పించితిమి: కొబ్బరితోటల సీమయగుటచే, జ్వరమనగానే ఇరుగుపొరుగువారు ఆప్యాయముగ బోండాలు కొట్టియిచ్చెదరు, ఆ నీటిలోని పొటాషియము డయాలిసిస్ రోగికి ప్రాణాంతకము కాగలదు. కొన్నాళ్లకు ఉదయముననే పిలుపులు రాసాగెను: "జొరం ఉంది బాబూ, ఆకరి సిప్టుకి రమ్మంటారేటి?"

2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల మూత్రపిండ వ్యాధుల వైద్యశాల, పరిశోధన కేంద్రముతో కూడ ప్రారంభమైనది. ఈ ప్రాంతమునకు అది ఎంతయో ఊరట. అయినను ఆ మహమ్మారి దినముల పాఠము మఱవక, జ్వరము గల రోగికి అచట వేఱు గదియు వేఱు యంత్రమును ఎల్లప్పుడును సిద్ధముగ నుండవలెను. దారులు మూసిననాడు గ్రామములకు పోయి రోగులను తెచ్చు బండ్లు, వాని చోదకుల పేర్లతో సహా, ముందే నిర్ణయింపబడవలెను.