గాలి కబురు

కడుపు ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌కొచ్చిన డాక్టరుగారు తప్పకుండా అడుగుతారు: ‘ఏం పెద్దమ్మా, గ్యాస్ పోయిందా?’ షేక్‌పేట నుంచి జూబ్లీహిల్స్ ఆస్పత్రికొచ్చిన పెద్దావిడైతే కొంగు నోటికడ్డం పెట్టుకుంటుంది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తుంది. నలుగురిలో అనకూడని ఆ మాట కోసమే డాక్టరు ఎదురుచూస్తుంటారు మరి!

కోత, మత్తు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు... వీటితో పేగులు కదలడం మానేస్తాయి. మామూలుగా చిన్నపేగు ఒక రోజులో తేరుకుంటుంది. జీర్ణాశయానికి రెండు రోజులు, పెద్దపేగుకు మూడు రోజులు పట్టొచ్చు. ఈలోగా ఆకలికి తాళలేక ‘పోయింది’ అని అబద్ధమాడితే తిన్నది వాంతవుతుంది. పొట్ట ఉబ్బి, వాంతులు ఆగకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. సెలైన్ పెట్టి, రక్తంలో పొటాషియం తగ్గితే సరిచేస్తారు. లోపల కుట్టు లీకయిందేమో, పేగు మెలిపడిందేమోనని స్కాన్ తీస్తారు.

ఒకప్పుడు గాలి పోయేదాకా గుక్కెడు నీళ్లు కూడా ఇచ్చేవారు కాదు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ పద్ధతిని మార్చారు. మార్ఫిన్ తగ్గించి, త్వరగా తినిపించి, త్వరగా నడిపిస్తే రోగి తొందరగా ఇల్లు చేరతాడని చూపించారు. చూయింగ్‌గమ్ నమిలినా, భోజనం వస్తోందనుకుని కొందరిలో పేగులు కదులుతాయి.

మనవాళ్ల ప్రేమే ఒక్కోసారి అడ్డు. ‘కదలకమ్మా, కుట్లు ఊడతాయి’ అంటారు. డాక్టరు సరేనంటే చెయ్యి పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేయించండి. టిఫిన్ క్యారియర్ కన్నా ముందు అందాల్సిన సాయం అదే.