పింజారి పాట

నాజర్ బుర్రకథ వింటుంటే నన్ను ముందు పట్టుకునేది కథ కాదు, వేళ్లకు తొడుక్కున్న అందెల చప్పుడు. భుజాన తంబురా, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఇంతే బలగం. దాంతోనే తెల్లవార్లూ పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ నడిచేవి.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూదేకుల ఇంట పుట్టాడు. కులం పేరు పెట్టి చిన్నచూపు చూసే ఊళ్లలో బతికి, ఆత్మకథకు ఆ కులానికున్న మరో పేరు ‘పింజారి’నే పెట్టుకున్నాడు. ఆ పొగరు నాకు మహా ఇష్టం.

ఇలా ఒంటి మీది లోహంతో తాళం వేయడం అమెరికాలోనూ ఉంది. లూసియానాలో క్లిఫ్టన్ షెనియే అకార్డియన్ మీద జైడెకో అనే అక్కడి జానపద సంగీతం వాయిస్తుంటే, అన్న క్లీవ్‌లాండ్ ఒంటికి తగిలించుకున్న రేకును గీకి తాళం వేసేవాడు. బట్టలుతికే పలకలోంచి వచ్చిన వాయిద్యమది! షెనియేకు 1984లో గ్రామీ, నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చాయి. అక్కడ జైడెకోకి ఇప్పటికీ జనం చిందేస్తున్నారు. మన బుర్రకథ మాత్రం ఎక్కువగా సర్కారు పథకాల ప్రచారానికి మిగిలింది.

మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే మన తిరునాళ్లు. ప్రభల ముందు ఆర్కెస్ట్రాకిచ్చే సొమ్ములో సగమైనా ఈసారి ఒక బుర్రకథ దళానికివ్వండి.