గుడారములో మూడు రాత్రులు

మన గ్రామ సంఘములలో ఏ కూటములు జరిగినను, అవి ముగిసిన మరునాడు జనులు ఒకరినొకరు అడుగు మొదటి ప్రశ్న "ఎంతమంది వచ్చారు?" అనునదే. ప్రసంగమెట్లున్నది, పాటలెట్లున్నవి అనునవి తరువాతి మాటలు. పందిరి చాలక జనులు వీధిలో నిలిచిరని చెప్పుకొనుటలో మనకొక సంతోషము కలదు. ఆ సంతోషమును నేను తప్పుపట్టను. ఏడాది పొడుగున పొలములో ఒంటరిగా వంగి పనిచేయువారు ఒక్క రాత్రి పదిమందితో కలిసి కూర్చుండుట మంచిదే. అయితే ఆ పదిమందిలోనికి రాలేక వెలుపలనే నిలిచిపోవు మనుష్యుడొకడు ఏ ఊరనైనను ఉండును. నా స్నేహితుడు అట్టివాడు.

మేమిద్దరము మిషను బోర్డింగులో ఒకే బల్లమీద కూర్చుండి చదివినవారము. తరువాత నేను వేదాంత పాఠశాలకు వెళ్లితిని. అతడు ప్రభుత్వ వైద్యశాఖలో హెల్తు అసిస్టెంటుగా కుదిరెను. నలుగురిలో నన్ను "అయ్యగారూ" అనును, ఇద్దరమే యున్నప్పుడు "ఒరే" అనును. అతనికి సంగీతమనిన ప్రాణము. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను తండ్రివద్ద రాగతాళములతో నేర్చుకొనెను. హార్మణీ పెట్టె ముందు కూర్చుండెనా, గుడిలోని పసిపిల్లలు సహితము ఏడ్పు మానుదురు.

2015వ సంవత్సరము జూలై 14వ తేదిన గోదావరి పుష్కరముల మొదటి దినమున రాజమహేంద్రవరములోని పుష్కర ఘట్టమువద్ద జరిగిన తొక్కిసలాట మీకు జ్ఞాపకముండును. 27 మంది చనిపోయిరి. వారిలో స్త్రీలే ఎక్కువ. నా స్నేహితుడు ఆ ఉదయమున దగ్గరలోని వైద్య శిబిరములో పనిమీద నుండెను. ఎవరిది తప్పు అను విచారణ నా పని కాదు, అతడును ఆ మాట ఎన్నడు ఎత్తలేదు. తాను మోసికొని వచ్చిన ఒక ముసలమ్మ చేతిలో తడవని పసుపు కుంకుమ పొట్లము అట్లే ఉండెనని మాత్రము ఒకసారి చెప్పెను.

అప్పటినుండి అతడు గుంపును చూడలేకపోయెను. క్రిస్మసునాడు గుడి నిండినయెడల లోపలికి రాక వేపచెట్టు క్రింద నిలుచును. పెండ్లి విందులకు మానెను. సంతకు వెళ్లుటయు మానెను. గుంపులో చిక్కుకొనిన క్షణమున గుండె దడదడలాడును, అరచేతులు చెమర్చి చల్లబడును, ఊపిరి పైపైననే ఆగును, ఇక చచ్చిపోవుదునేమో అని తోచునట. హార్మణీకి దుమ్ము పట్టెను. సంఘములో కొందరు "విశ్వాసము సన్నగిలింది" అనిరి. ఈ మాట విన్నప్పుడెల్ల నాకు కోపము వచ్చును. మలేరియా చలికి వణకువానిని విశ్వాసము చాలక వణకుచున్నాడని ఎవరైనను అందురా? విశాఖపట్టణములో మనోవ్యాధుల వైద్యులొకరు అతనికి చక్కగా విప్పి చెప్పిరి. ప్రాణాపాయమును చూచిన శరీరము దానిని మరువదనియు, అటువంటి చోటు మరల కనబడగానే మనస్సు ఆలోచించులోపలనే పారిపొమ్మని గంట కొట్టుననియు, దానికి మందుతోపాటు మెల్లమెల్లగా, కొలతగా, నమ్మకమైన తోడుతో ఆ భయపడు చోటికి దగ్గర కావలెననియు చెప్పిరి. బలవంతముగా నెట్టవద్దని మరిమరి హెచ్చరించిరి.

2019వ సంవత్సరమున ఒక సంఘమువారి పిలుపుమీద నేను కొన్ని వారములు ఇంగ్లండు వెళ్లవలసి వచ్చెను. అతని కుమార్తె ఆ దేశములోనే ఆసుపత్రి నర్సుగా నుండెను గనుక తల్లిదండ్రులు ఆమెను చూడ వచ్చి యుండిరి. ఆమె నాతో, "బాబాయిగారూ, ఇక్కడ ఆగస్టులో గ్రీన్‌బెల్ట్ అని ఒక పెద్ద పాటల పండుగ జరుగుతుందండి. పొలంలో డేరా వేసుకుని ఉండాలి. నాన్న మీతోనైతే వస్తాడు," అనెను. వదినగారు ఏమియు అనలేదు గాని, ఆ సాయంకాలమే మాకిద్దరికి జంతికలు వండుట మొదలుపెట్టిరి. ఆ మౌనమే అనుమతియని గ్రహించితిని.

గ్రీన్‌బెల్ట్ అనునది క్రైస్తవులు ఆరంభించిన సంగీత మహోత్సవము. 1974వ సంవత్సరమున సఫోక్ ప్రాంతములో, పందులు పెంచు ఒక పొలములో, కొద్దిమంది యౌవనస్థులు దీనిని మొదలుపెట్టిరి. తరువాత చోట్లు మారుచు, 2014వ సంవత్సరమునుండి నార్తాంప్టన్‌షైరులో కెటరింగు దగ్గరనున్న బౌటన్ హౌస్ అను జమీందారీ భవనపు తోటలలో జరిగెను. 2019వ సంవత్సరమున ఆగస్టు చివరి సెలవునకు శుక్రవారము మొదలు సోమవారమువరకు వేలకొలది జనులు గుడారములలో నుండిరి. పాటలు, ప్రసంగములు, నాటకములు, పిల్లల ఆటలు, అన్నియు ఒకేసారి వేరువేరు డేరాలలో నడిచెను. అక్కడి పాటలలో సగము నా చెవికి గోలగానే తోచినవి. ఆ దేశములో దీనికంటె చాల పెద్దది గ్లాస్టన్‌బరీ పండుగ; దానిని 1970వ సంవత్సరమున తన పాడిపశువుల పొలములో ఆరంభించిన రైతు మైకేల్ ఈవిస్‌గారు మెథడిస్టు సంఘస్థులే. మొదటి ఏట వచ్చినవారికి ఒక పౌను రుసుము, దానితో ఉచితముగా పాలు! పాలిచ్చి పాటలు వినిపించిన ఆ రైతు సంగతి చదివి నా స్నేహితుడు చాల దినములకు గట్టిగా నవ్వెను.

మేము శుక్రవారము ప్రొద్దుననే, జనము చేరకముందే వెళ్లితిమి. గుడారము ఎక్కడ వేయవలెనను విషయములో అతడే పెద్ద. నడుమనున్న చదునైన చోటును విడిచి, పొలము అంచున కంచెప్రక్క, గవినికి దగ్గరగా వేయించెను. అక్కడ నేల కొంచెము వాలు. రాత్రియంతయు నేను అతని వీపుమీదికి జారుచునే యుంటిని. అయినను గుడారము తెర తీయగానే ఎదుట మనుష్యులు కాక చెట్లు కనబడును గనుక అది మంచి చోటే. ఆ సెలవు దినములలో ఎండ విపరీతముగా కాసెను. సోమవారము లండనుదగ్గర హీత్రోలో 33 డిగ్రీలు దాటెననియు, ఆ సెలవు సోమవారమున ఆ దేశములో అంతటి వేడి ముందెన్నడు లేదనియు చెప్పుకొనిరి. దొరలు దొరసానులు ఎర్రగా కమిలిపోయిరి. మాకది శివరాత్రి దాటిన తరువాతి ఎండ. రాత్రివేళ మాత్రము చలికి నిద్రసంచిలో ముడుచుకొంటిమి.

మేమొక ఒడంబడిక చేసికొంటిమి. అతడు తన భుజముమీది కండువాను తీసి చేతికి చుట్టుకొనినయెడల నేను ఎందుకని అడుగరాదు, ఇంకొంచెము ఓర్చుకొమ్మని చెప్పరాదు. వెంటనే ఇద్దరము లేచి వచ్చిన దారినే వెళ్లవలెను. ఒకరినొకరము తప్పిపోయినచో కంచెదగ్గరి పెద్దచెట్టు క్రింద కలియవలెను. శుక్రవారము సాయంకాలము పాటల మైదానమువైపు ఇన్నూరు అడుగులు వెళ్లితిమి. కండువా చేతికెక్కెను. తిరిగి వచ్చి జంతికలు తిని పడుకొంటిమి. ఆనాటికి అదే పని.

మరునాడు అక్కడ జనమును నడిపించు సేవకులలో నెరసిన గడ్డముగల ఒకాయన మాతో చాలసేపు మాటలాడెను. ఆయన చెప్పినది మన కూటముల పెద్దలకు పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాను. మన నులకమంచములో సగమంత చోటు, అనగా చదరపు మీటరు నేలమీద, నలుగురు నిలిచినంతవరకు మనుష్యుడు తన కాళ్లమీద తానుండును. అయిదారుగురు దాటినప్పుడు ఎవని శరీరము వాని వశములో నుండదు. గుంపు నీళ్లవలె అలలుగా కదలును. అక్కడ చనిపోవువారిలో చాలమంది కాళ్లక్రింద పడి నలుగుటచేత కాదు, నిలిచియుండియే రొమ్ము కదలక, ఊపిరి తీయ చోటులేక చనిపోవుదురు. వెనుకనున్నవారికి ముందున్నవారి బాధ తెలియదు, కావున నెట్టుచునే యుందురు. 2000వ సంవత్సరమున డెన్మార్కులో రాస్కిల్డె సంగీతోత్సవమున ఇట్లే తొమ్మిదిమంది యౌవనస్థులు చనిపోయిరి. అందుచేత లోపలికి వచ్చు దారి, వెలుపలికి పోవు దారి వేరుగా నుండవలెను. రెండు గుంపులు ఇరుకులో ఎదురుపడరాదు. నిలిచినచోటినుండి ప్రక్కకు తొలగుటకు సందుండవలెను.

నా స్నేహితుడు ఇదంతయు తల వంచుకొని వినెను. నేను భయపడితిని, పాతగాయమును రేపినట్లగునేమో అని. అతడు మెల్లగా నాతో, "ఒరే, వాళ్లు భయంతో వెర్రెత్తి ఒకర్నొకరు తొక్కుకున్నారని అందరూ అన్నారు. కాదన్నమాట. వాళ్లకు ఊపిరికి చోటు లేదంతే," అనెను. నాలుగేండ్లు ఆ చనిపోయినవారిపై పడిన నిందను అతడు తన మనస్సులో మోసెనని నాకు అప్పుడు తెలిసెను.

శనివారము రాత్రి చెడ్డ ఘడియ వచ్చెను. మేము పాటకు ఒక ప్రక్కగా వెనుక నిలిచియుంటిమి; అతడు చక్కగానే యుండెను, కాలితో తాళము కూడ వేయుచుండెను. పాట ముగియగానే రెండు డేరాల నడుమ సందులో ఈ ప్రక్కవారు ఆ ప్రక్కకు, ఆ ప్రక్కవారు ఈ ప్రక్కకు వచ్చిరి. అపాయకరమైన గుంపేమి కాదు. మన సంతలో అంతకు రెండింతలుండును. అయినను అతని ముఖము పాలిపోయెను. కండువా చుట్టుకొనుటకు చేతులు రాలేదు. నేను అతని మోచేయి పట్టి త్రాళ్లు కట్టిన డేరా ప్రక్కకు తెచ్చి గడ్డిమీద కూర్చుండబెట్టితిని. నేను బిగ్గరగా ప్రార్థింపలేదు. అతని అరచేయి నా మోకాలిమీద పెట్టి, "ఆదితాళం వెయ్యి," అంటిని. దెబ్బ, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, ఈ నాలుగింటికి ఊపిరి లోపలికి. తరువాతి దెబ్బ, విసురు, దెబ్బ, విసురు, ఈ నాలుగింటికి వెలుపలికి. మొదట అతని వ్రేళ్లు తాళము తప్పెను. సంగీతము వచ్చినవాడు తాళము తప్పుటను తానే ఓర్చుకొనలేడు! రెండవ ఆవర్తము, మూడవ ఆవర్తము, పదియవదో పండ్రెండవదో వచ్చునప్పటికి వ్రేళ్లు కుదిరెను, ఊపిరి వ్రేళ్లను వెంబడించెను. సేవకురాలగు ఒక చిన్నది వచ్చి ప్రక్కన కూర్చుండి, నీళ్లు కావలెనా, తోడు కావలెనా, ఒంటరిగా వదలవలెనా అని మాత్రమే అడిగెను. అతడు నీళ్లడిగెను. ఆ పిల్ల తెచ్చి యిచ్చి ఏమియు బోధింపక వెళ్లెను. ఇరువది యేండ్లైన నిండియుండని ఆ పిల్లకు ఈ జ్ఞానము ఎవరు నేర్పిరో!

అక్కడ "జీసస్ ఆర్మ్స్" అను డేరాలో జనులు బీరు గ్లాసులు చేతబట్టుకొని గొంతెత్తి సంఘకీర్తనలు పాడు ఆచారము ఉండెను. ఇది వ్రాయవలెనా మానవలెనా అని కలము పట్టుకొని కొంతసేపు ఆలోచించితిని. మా సంఘపు పెద్దమ్మలు చదివిన నన్ను ఏమందురో! మేము త్రాగినది టీ యే. నా స్నేహితుడు క్రిక్కిరిసిన ఆ డేరాలోనికి పోలేదు. వెలుపల గుడారపు మేకుదగ్గర నిలిచి, లోపలి స్వరమునకు క్రింది స్వరము కలుపుచు ఆద్యంతము పాడెను. గుడ్డగోడకు ఆవల నున్నవారికి ఈవల ఎవరు పాడుచున్నారో తెలియదు.

ఆదివారము ఉదయము పండుగకు వచ్చినవారందరు ఆరుబయట ఒక్కటిగా ప్రభువు బల్లకు కూడుకొనిరి. అయితే వరుసకట్టి ముందుకు నడచుట లేదు. జనులు పచ్చిగడ్డిమీద చిన్నచిన్న గుంపులుగా కూర్చుండగా రొట్టెయు గిన్నెయు ఒక్కొక్క గుంపునకే వచ్చెను. ఒకరికొకరు ఇచ్చుకొనిరి. మేము అన్నిటికంటె వెలుపలి గుంపులో, ఒక వృద్ధ దంపతులతోను బిడ్డనెత్తుకొనిన తల్లితోను కూర్చుంటిమి. పుష్కరముల తరువాత నా స్నేహితుడు వేలమంది నడుమ ప్రభు సంస్కారము పుచ్చుకొనుట అదే మొదలు. మార్కు సువార్తలో అయిదువేలమందికి రొట్టెలు పంచినప్పుడు కూడ జనులను నూరేసి ఏబదేసి చొప్పున గడ్డిమీద కూర్చుండబెట్టిన సంగతి నేను ఎత్తితిని. అతడు, "అది సరే. అంతకు ముందే మూడో అధ్యాయంలో ప్రభువు తనకో చిన్నదోనె సిద్ధంగా ఉంచమన్నాడు గదరా, జనం మీదపడి నలిపేస్తారని," అనెను. కొంచెమాగి, "ఆయనకీ కండువా ఉందన్నమాట," అని నవ్వెను.

ఆ రాత్రి మా గుడారములో అతడు చౌదరిగారి కీర్తనలు మూడు సన్నని గొంతుతో పాడెను. ప్రక్క గుడారములోని పిల్లలు మాటలాపి వినిరి.

ఇంటికి వచ్చిన తరువాత మా గుడిలో కొన్ని మార్పులు చేసితిమి. తాళము వేసియుండు ఉత్తరపు తలుపును ఆరాధన సమయమున తెరచి ఉంచుచున్నాము. పండుగలలో నడుమ దారిలో చాపలు పరువనీయము. "జనాన్ని తగ్గిస్తారా అయ్యగారూ?" అని ఒక పెద్ద నొచ్చుకొనెను; ఆయనకు నచ్చచెప్పుటకు రెండు నెలలు పట్టెను. ఉత్తరపు తలుపు ప్రక్క వరండాలో ఒక బల్ల, ఒక నీళ్లకుండ పెట్టితిమి. అది నా స్నేహితుని కొరకే పెట్టినది. మొదటి నెలలోనే అక్కడ చంటిబిడ్డల తల్లులు ఇద్దరు, ఆయాసముగల ఒక ముసలాయన వచ్చి చేరిరి. వారికి అట్టి చోటు కావలెనని అంతవరకు ఎవరును అడిగియుండలేదు.

అతని భయము పూర్తిగా పోలేదు. తీర్థములకు, పెద్ద మహాసభలకు ఇప్పటికిని వెళ్లడు. నేనును రమ్మని పిలువను. అయితే హార్మణీ పెట్టె దుమ్ము దులిపెను. ఆదివారములలో దానిని ఉత్తరపు గుమ్మమువద్ద, సగము లోపల సగము వెలుపల ఉండునట్లు పెట్టుకొని, కండువా భుజముమీద వేసికొని వాయించుచున్నాడు.